పాత సామాన్ల కొట్టు కాటాగారికి

మహారాజశ్రీ కాటాగారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

నిన్న మధ్యాహ్నం తమరు మా తాతయ్య పనిముట్ల పెట్టెను పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములుగా తేల్చి, మా తమ్ముడి చేతిలో మూడు వందల నలభై రూపాయలు పెట్టించి పంపారు. తాతయ్య ఆ పెట్టెతోనే బెంగళూరులో లిబరేటర్ బాంబర్ల ఇంజన్లు విప్పి బిగించేవారని తమరికి తెలియదు. తెలిసినా తమ ఎర్ర అంకెల్లో ఒక్కటైనా మారేది కాదనుకోండి.

తమ వంశప్రతిష్ఠ మేమెరగనిది కాదు. రెండో ప్రపంచయుద్ధం నాటి 7,377 లాంకాస్టర్ బాంబర్లలో ఎగరగలిగినవి రెండింటిని మిగిల్చిన దయాగుణం తమ పెద్దలది. షార్ట్ స్టిర్లింగ్ అనే బాంబరు దగ్గర ఆ మొహమాటం కూడా పెట్టుకోలేదు. రెండు వేల మూడు వందలకు పైగా తయారైతే, చూద్దామంటే నిండు విమానం ఒక్కటీ లేదు.

తమరి నోటి దగ్గర కూడు జారిపోయింది కాన్పూరులోనే. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాళ్ళు వాళ్ళ లిబరేటర్లను ఇంకెవరూ ఎగరేయకుండా పాడుచేసి, తమరికి నైవేద్యం పెట్టి వెళ్ళిపోతే, హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు ఆ శిథిలాల మధ్య తిరిగి, ఎగరగలిగేంత మేరకు బాగుచేసి, జంషెడ్ మున్షీ అనే పైలట్ చేత బెంగళూరుకు ఎగిరించుకొచ్చి, నలభైకి పైగా విమానాలకు మళ్ళీ ప్రాణం పోశారు. 1948లో వైమానిక దళంలో చేరిన ఆ విమానాలు 1968 దాకా పనిచేశాయి. పద్దెనిమిది వేలకు పైగా లిబరేటర్లు తయారుచేసిన అమెరికా, యుద్ధం తర్వాత మిగిలినవాటిలో అత్యధిక భాగాన్ని తూకానికి అమ్ముకుని, చివరికి తన మ్యూజియంలో నిలబెట్టుకోవడానికి మన దగ్గరికే వచ్చింది. బ్రిటన్, కెనడాలదీ అదే కథ. మన దగ్గరి నుంచి వెళ్ళిన ఒకటి 1989లో అమెరికాలో మళ్ళీ ఎగిరింది కూడా.

అంటే, తమరి విస్తట్లోంచి అన్నం లాక్కున్న చేతుల్లో మా తాతయ్యవీ ఉన్నాయన్నమాట. ఆ పగ ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని నిన్న తీర్చుకున్నావా? పెద్ద స్పానరు పిడి మీద, ఎవరూ ఎత్తుకుపోకుండా, ఆకురాయితో ఆయన గీసుకున్న ‘వెం’ అనే అక్షరం నీకు కనిపించలేదా? పోనీ, ఆ గాటుకు రాలిన ఇనుము ఎన్ని గ్రాములో లెక్కగట్టి తగ్గించుకున్నావా? సిగ్గులేని దానా!

నేను పరుగెత్తుకొచ్చేసరికి ఆ స్పానరొక్కటే మిగిలింది. దాన్ని మళ్ళీ నీ మీదే పెట్టి తూచారు. కొట్టువాళ్ళు కొనే ధర వేరు, అమ్మే ధర వేరట. డెబ్భై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.

ఇట్లు,
వెంకటస్వామిగారి మనవడు