గాలివాన తర్వాత ఇంటి మరమ్మతు

ఎండాకాలం చివర లేచే గాలిదుమారాలకు నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో రేకుల ఇళ్లు ఏటా దెబ్బతింటున్నాయి. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో వీచిన పెనుగాలులకు గోడలు కూలి మనుషులు ప్రాణాలే కోల్పోయారు. తుపాను, వరద, పిడుగుల వంటి నష్టాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక ఇంటి బీమా పాలసీ అమల్లో ఉంది. కానీ దాని నిబంధనల ప్రకారం ఇంటి యజమాని ముందుగా తన డబ్బుతో మరమ్మతు చేయించుకుని, ఆ ఖర్చును తర్వాత బీమా కంపెనీని అడగాలి. చేతిలో డబ్బు లేని కుటుంబానికి పాలసీ ఉన్నా అప్పు తప్పదు.

వాహన బీమాలో కంపెనీ గుర్తించిన గ్యారేజీలో బండి అప్పగిస్తే బిల్లు చాలావరకు కంపెనీయే కడుతోంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చాలా కంపెనీలు ఇంటి మరమ్మతుకూ తామే కాంట్రాక్టర్లను పంపుతున్నాయి. ఈ ఏర్పాటు మన దగ్గరా రావాలని మేము కోరుతున్నాం. పాలమూరు నుంచి ఎన్నో కుటుంబాలు హైదరాబాద్‌కో ముంబైకో పనికి వెళ్లి ఇంటికి తాళం వేసి ఉంటాయి. గాలివాన మర్నాడు వారి తరఫున మేస్త్రీని వెతికేవారు, ఒక్కసారిగా పెరిగిన రేకుల ధర గురించి బేరమాడేవారు ఊళ్లో ఉండరు. దేశమంతటా కట్టడాల్లో పనిచేసిన అనుభవం ఈ జిల్లాల మేస్త్రీలకుంది కనుక, కంపెనీలు హైదరాబాద్ నుంచి గుత్తేదారులను తేకుండా స్థానికులకే ఈ పని అప్పగించాలి.

అయితే, డబ్బిచ్చేది కంపెనీ అయినప్పుడు కాంట్రాక్టరు కంపెనీ మాటే వింటాడన్న భయం న్యాయమైనదే. పలుచటి రేకు వేసినా, కొక్కేలు దూరదూరంగా బిగించినా ఆ రోజుకు తేడా కనబడదు, మళ్లీ గాలి వీచినప్పుడే బయటపడుతుంది. అందువల్ల కాంట్రాక్టరును ఒప్పుకోవడమా, తనకు తెలిసిన మేస్త్రీతో చేయించుకుని డబ్బు తీసుకోవడమా అన్నది ఇంటి యజమాని ఇష్టానికే వదలాలి. ఏ రేకు, ఎంత మందం, ఎన్ని కొక్కేలు అన్నది పని మొదలవక ముందే తెలుగులో రాసివ్వాలి. యజమాని సంతకం లేకుండా చివరి విడత చెల్లించరాదు. పనిలో లోపానికి కనీసం రెండు వానాకాలాల పాటు కాంట్రాక్టరుతో పాటు కంపెనీ కూడా జవాబుదారీ కావాలి. ఆ బాధ్యత లేకుంటే ఈ ఏర్పాటు వల్ల లాభపడేది కంపెనీయే.

క్లెయిము హక్కునే, అంటే కంపెనీ నుంచి బీమా డబ్బు రాబట్టుకునే హక్కునే, కాంట్రాక్టరు పేర రాయించుకునే పద్ధతిని మాత్రం రానివ్వకూడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఆ పద్ధతి వ్యాజ్యాలను విపరీతంగా పెంచడంతో, 2023 జనవరి 1 నుంచి జారీ అయిన పాలసీలకు అక్కడి చట్టం దాన్ని రద్దు చేసింది.

నష్టాన్ని అంచనా వేసే సర్వేయరుకు, మరమ్మతు చేసే కాంట్రాక్టరుకు మధ్య ఎలాంటి ఆర్థిక సంబంధమూ ఉండకూడదు. అంచనాపై వివాదం వస్తే బీమా కంపెనీలపై ఫిర్యాదులను పరిష్కరించే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు; మరమ్మతు నాణ్యతపై వచ్చే ఫిర్యాదులనూ ఆ పరిధిలో స్పష్టంగా చేర్చాలి. బీమా నియంత్రణ సంస్థ ఈ షరతులతో ముందుగా దక్షిణ తెలంగాణ జిల్లాల్లో, వచ్చే ఎండాకాలం గాలులకు ముందే, ఈ విధానాన్ని ప్రారంభించాలి.