మాల తీసిన మర్నాడు

కార్తీక మాసం వచ్చిందంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏడాది పొడవునా పొద్దెక్కితే గానీ మంచం దిగని మగవాళ్లు వేలాదిగా అయ్యప్ప మాల వేసుకుని, తెల్లవారుజామునే లేచి, చన్నీళ్ల స్నానం చేసి, దీపం వెలిగిస్తారు. సాయంత్రమైతే మందు, తెల్లారితే సిగరెట్టు లేనిదే గడవదనుకున్నవాళ్లు 41 రోజుల పాటు వాటి జోలికి పోరు. చెప్పులు లేకుండా నడుస్తారు, నేల మీద చాప పరుచుకుని పడుకుంటారు, ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకుంటారు. ఇరుముడి కట్టుకుని శబరిమల వెళ్లి వచ్చి మాల తీస్తారు. ఆ తర్వాత చాలామంది విషయంలో ఏం జరుగుతుందో ప్రతి వీధికీ తెలుసు.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. "ఇన్నాళ్లూ చేసిందంతా నటనేనా" అని వెక్కిరించేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ వెక్కిరింత అన్యాయంగా తోస్తుంది. 41 రోజులు నిలబడటం నటన కాదు, అది నిజమే. ఆ తర్వాత నిలబడలేకపోవడం కూడా అంతే నిజం. మంచి అలవాటు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు జారిపోతుంది అన్న ప్రశ్నకు మన కళ్లెదుట ఏటా దొరుకుతున్న జవాబు ఇదే. దాన్ని వదిలేసి, యూట్యూబులో గొంతు చించుకునే మోటివేషన్ ప్రసంగాల్లో మనం ఇంకేదో వెతుకుతున్నాము.

దీక్షను నడిపించేది భక్తి కదా అని మీరు అనవచ్చు. భక్తి లేదని నేను అనను. కానీ మాల తీసిన రోజున భక్తి మాయమైపోదు. పూజగదిలో అయ్యప్ప పటం అక్కడే ఉంటుంది, మనిషి దానికి దండం పెడుతూనే ఉంటాడు. మాయమైపోయేది భక్తి చుట్టూ అల్లుకున్న ఏర్పాటు. నల్లబట్టలు కట్టుకున్న మనిషిని ఇంట్లోవాళ్లు, ఆఫీసులో అధికారి, కూరగాయల బండి అతను, అందరూ "స్వామీ" అనే పిలుస్తారు. నిన్నటి దాకా సాయంత్రం బెల్టు షాపుకు రమ్మని లాగిన స్నేహితుడు కూడా ఆ బట్టలు చూసి పిలవడం మానేస్తాడు. పొద్దున్నే లేవాలా వద్దా, ఈరోజు తాగవచ్చా కూడదా అని ఎవరూ తమలో తాము వాదించుకోరు, ఎందుకంటే ఆ నిర్ణయం మాలధారణ నాడే జరిగిపోయింది. సాయంత్రం భజనకు వెళ్లకపోతే "స్వామి ఎందుకు రాలేదు" అని అడిగే పదిమంది ఉంటారు. మొదటిసారి మాల వేసుకున్న కన్నెస్వామికి దారి చూపడానికి గురుస్వామి ఉంటాడు. ఇన్ని ఆసరాలున్న చోట, ఇరవయ్యో రోజు ఉదయం ఉత్సాహం లేకపోయినా పని ఆగదు.

ఒక ఆసరా గురించి మనం అసలు మాట్లాడము. స్వామి లేచేసరికి ఇంటి ఇల్లాలు అంతకు ముందే లేచి, స్నానం చేసి, పూజకు సిద్ధం చేసి, ఉల్లి వెల్లుల్లి లేని వంట వేరే గిన్నెల్లో వండుతుంది. ఆమె మెడలో మాల ఉండదు, ఆమెను ఎవరూ స్వామి అనరు, ఆమె పాటించిన నియమాన్ని ఎవరూ లెక్కపెట్టరు. "నా మనోబలంతో సాధించాను" అని చెప్పుకునే మగవాళ్లు (దీక్షలోనే కాదు, జిమ్ముకు వెళ్లేవాళ్లు కూడా) తమ మనోబలంలో ఎంత భాగం వంటింట్లో తయారైందో ఒకసారి చూసుకోవాలని నా అభిప్రాయం.

ఇక రోజుల లెక్క. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న ప్రచారానికి మూలం అమెరికాకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన మాట. శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్లు మారిన ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయి, ఉదయం నడకకూ చదువుకూ అదే గడువని స్థిరపడిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది; మనిషిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని వాళ్లు అంచనా కట్టారు. వాళ్లు చేయించింది పెద్ద తపస్సేమీ కాదు: ఉదయం ఫలహారం తర్వాతో, మధ్యాహ్న భోజనంతోనో ముడిపెట్టిన చిన్న పనులు. మంచినీళ్లు తాగడం వంటివి త్వరగా అలవాటయ్యాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. 41 రోజుల తర్వాత జారిపోయిన మనిషిలో ప్రత్యేకమైన లోపమేమీ లేదని దీన్ని బట్టే తెలుస్తుంది.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మరొకటి: ఒక రోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. దీక్షలో నియమభంగం పెద్ద విషయమే, అలా ఉండాలి కూడా. అది వ్రతం, దానికి ముగింపు తేదీ ఉంది, ఆ తేదీ కనబడుతుంటుంది గనుకనే అంత కఠినమైన నియమాలను ఓర్చుకోగలుగుతాము. రోజువారీ బతుకుకు ముగింపు తేదీ లేదు. అక్కడా వ్రతం నియమాన్నే తెచ్చి పెట్టుకుంటే, ఒక్క ఉదయం నడక తప్పగానే ఇక అంతా పోయిందని నెలంతా మానేస్తాము. వరుస తెగితే లెక్కను సున్నాకు దించే ఫోన్ యాప్‌లు చేసే చెడు ఇదే. ఆరోగ్యం బాగాలేక ఒకరోజు ఆగిన మనిషిని కూడా అవి మొదటి రోజు మనిషిగానే చూపిస్తాయి.

అందుకని ఈ ఏడు దీక్ష తీసుకునేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. అన్ని నియమాలనూ ఇంటికి తెచ్చుకోవద్దు, సాధ్యం కాదు. ఒక్కటి ఎంచుకోండి, దాని ఆసరాలతో సహా తెచ్చుకోండి. తెల్లవారుజామున లేవడం నచ్చితే, లేచిన తర్వాత చేసే పని, చోటు, తోడు వచ్చే మనిషి ముందే ఖాయమై ఉండాలి. 41 రోజులు మీతో భజనలో కూర్చున్న ఆ పదిమందిలో ఇద్దరైనా మీ వీధివాళ్లే కదా, వాళ్లతోనే నడకకు మాట తీసుకోండి. మందు మానాలనుకుంటే, సాయంత్రం ఆ గంటలో మీరు ఎక్కడ ఉంటారో ఇంట్లో చెప్పి ఉంచండి. ఇవన్నీ శబరిమల నుంచి తిరిగి వచ్చాక ఆలోచిద్దామంటే అప్పటికి ఆలస్యమైపోతుంది. మెడలో మాల ఉండగానే, ఎవరూ మిమ్మల్ని లాగని ఆ రోజుల్లోనే తేల్చుకోవాలి. మాల వేసేటప్పుడు నియమాలన్నీ ఒక్కొక్కటిగా వివరించే గురుస్వాములు, తీసేటప్పుడు కూడా "రేపు ఎన్నింటికి లేస్తారు స్వామీ, ఎవరితో వెళ్తారు" అని అడిగి జవాబు చెప్పించుకుంటే ఇంకా బాగుంటుంది.