సింకులో గోకరకాయ

నిన్నటి నుంచి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నా గురించే గోల కాబట్టి అసలేం జరిగిందో నేనే చెప్పేస్తాను.

పాపకి తెచ్చిన ఐస్‌క్రీం డబ్బా వెనక రాసింది చదివాను, అదే తప్పు. చీమ తలకాయంత అక్షరాల్లో స్టెబిలైజర్లు 412, 410, 407 అని, రైలు నంబర్లలా. వెతికితే 407 సముద్రపు నాచు నుంచి, 410 కారబ్ చెట్టు గింజల నుంచి తీస్తారట. 412 గ్వార్ గమ్, అంటే గోకరకాయ గింజల పిండి! 42 ఏళ్లుగా కంచంలో పక్కకి నెట్టేస్తున్న గోకరకాయని డబ్బులిచ్చి మరీ నాకుతున్నానన్నమాట.

ఆ ఉక్రోషంతో ఇంట్లోనే చేద్దామని వీడియో పెడితే ఆవిడా అదే వేయమంది, లేకపోతే ఐస్ పలుకులు కడతాయట. ఎంత? "ఒక స్పూన్." ఏ స్పూన్ తల్లీ? మా ఇంట్లో స్పూనంటే ఆవకాయ జాడీలోది. అరలీటరు పాలకి ఒకటి ఆనడం లేదని రెండోది కూడా నిండుగా వేశాను.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గరిట తిప్పితే గిన్నె తిరిగింది. వదిలేస్తే గరిట జెండా కర్రలా నిటారుగా నిలబడింది, వందనం చేద్దామా అనిపించింది. పైకెత్తితే గిన్నె కూడా లేచొచ్చింది. మధ్యలో ఉండలు, చిదిపితే పైన జిగురు, లోపల పొడి పిండి. ముందు పంచదారలో కలిపి చల్లాలని వీడియో చివర్లో చెప్పిందట, చివరిదాకా ఎవడు చూస్తాడు? వేలికంటింది చొక్కాకి, చొక్కాది ఫోనుకి, తీగలు తీగలుగా. రాజస్థాన్‌లో పండే ఈ గింజల పిండిని అమెరికాలో చమురు బావుల్లోకి కూడా పంపిస్తారని అప్పుడే, ఆ జిగురు ఫోన్లోనే చదివాను.

సింకులో పోసి నీళ్లు వదిలాను. నీళ్లు తగిలేకొద్దీ ఉబ్బడమే దాని గుణమని అప్పుడు తట్టలేదు.

ప్లంబర్ వచ్చి "ఏం పోసిన్రు సార్ ఇందుల?" అన్నాడు.

"గోకరకాయ."

"కూరనా?"

"ఐస్‌క్రీం."

ఇంకేం మాట్లాడలేదు, మూడొందలు ఎక్కువ తీసుకున్నాడు.

మా సెక్రటరీ గారున్నారు. బాత్రూం గోడ చెమ్మెక్కిందని ఆరు నెలలు మొత్తుకుంటే పలకని మనిషి, గంటలో లిఫ్టులో నోటీసు అంటించాడు: "సింకులలో సిమెంటు కలపరాదు." సిమెంటట! ఒళ్లు మండి, పొడి ప్యాకెట్ ఫొటో తీసి, 412 చుట్టూ ఎర్రగా గీత గీసి గ్రూపులో పెట్టాను.

ఇందాకే జవాబొచ్చింది: "412 వాళ్లని అడిగాను. వాళ్లు ఊళ్లో లేరట."