గోడకే చెప్పిన రహస్యం

ఇంట్లో సినిమా చూడటంలో సుఖమంతా పాజ్ బటన్‌లోనే ఉందంటారు. ఇంట్లో సినిమా ఒక పట్టాన పూర్తికాకపోవడానికి కారణం కూడా అదే. థియేటర్లో బొమ్మ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి అందరూ బుద్ధిగా కూర్చుంటారు. ఇంట్లో ఫోన్ మోగినా ఆపాలి, అమ్మకు అనుమానం వచ్చినా ఆపాలి.

"ఇందాక చచ్చిపోయినవాడు ఇతనే కదరా?"

"కాదమ్మా, వాడి తమ్ముడు."

"మరి ఏడవడేం?"

మొన్న శనివారం రాత్రి పెట్టింది హత్య కేసు సినిమా. ముందు టీవీతోనే గొడవ. సినిమాలు మామూలుగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు కదా, మా కొత్త టీవీకి అవి చాలవట, మధ్యలో తనే కొన్ని పుట్టించి అతికిస్తుంది. దాంతో పోలీసాఫీసర్ వానలో ప్రాణాలకు తెగించి పరుగెడుతుంటే, సీరియల్లో ఆడపడుచు చాడీలు వినడానికి వంటింట్లోకి వెళ్తున్నట్టుంది. మోషన్ స్మూతింగ్ అనే ఆ పెత్తనం మెనూలో ఎక్కడ దాక్కుందో వెతికి ఆపేసరికి ఒక హత్య అయిపోయింది. సరే, వెనక్కి తిప్పి మళ్లీ చంపించాం.

అసలు టెన్షన్ సౌండ్‌తో. థియేటర్లో స్పీకర్లు తెర వెనకే ఉంటాయి, చిన్న చిన్న రంధ్రాలున్న ఆ తెరలోంచి డైలాగు నేరుగా మనకే తగులుతుంది. సన్నటి టీవీల్లో స్పీకర్లేమో కిందికో గోడవైపుకో తిరిగి ఉంటాయి, అంటే మాటలన్నీ గోడకు చెప్పి బాంబులు మాత్రం మన మీద వేస్తుందన్నమాట. గుసగుసలకు 30కి పెంచడం, కారు పేలగానే 8కి తగ్గించడం, లోపల పాప నిద్రపోతోంది మరి. రిమోట్ పట్టుకున్న పాపానికి అందరికంటే తక్కువ సినిమా చూసింది నేనే.

చివరికి ఆసుపత్రిలో సాక్షి హంతకుడి పేరు చెప్పబోయాడు. కొన ఊపిరితో ఉన్నవాడు గట్టిగా చెప్పడు కదా, వాల్యూమ్ 45 చేశాను. సరిగ్గా అప్పుడే నెట్ నెమ్మదించి తెర మధ్యలో చక్రం గిర్రున తిరగడం మొదలైంది. అందరం ఊపిరి బిగపట్టి ఆ చక్రాన్నే చూస్తున్నాం. అది మాయమవ్వడం, తుపాకీ పేలడం ఒక్కసారే జరిగాయి, అదీ 45లో! పాప కెవ్వుమంది, నా చేతిలోని రిమోట్ ఎగిరి సోఫా కిందికి పోయింది. నేను బోర్లా పడుకుని చెయ్యి దూర్చితే దుమ్ము, పెన్ను మూత, ఎప్పుడో పోయిందనుకున్న సాక్సూ దొరికాయి కానీ రిమోట్ దొరకలేదు. పైన హంతకుడు నేరమంతా పూసగుచ్చినట్టు ఒప్పుకుంటున్నాడు, పాప ఏడుపులో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ఇక లాభం లేదని ప్లగ్ పీకేసి, మిగతాది రేపు అనుకుని పడుకున్నాం.

పొద్దున మెట్ల మీద పక్కింటాయన ఎదురయ్యాడు. "రాత్రి సౌండ్ కొంచెం ఎక్కువైనట్టుందండీ, సారీ" అన్నాను.

"అయ్యో, భలేవారే, మాకు ప్రతి మాటా స్పష్టంగా వినపడింది" అన్నాడాయన. "ఆ డాక్టరే చంపి ఉంటాడని మా ఆవిడ మొదట్నుంచీ అంటూనే ఉంది."