మూడో భాగం రాసే హక్కు రచయితకి ఎవరిచ్చారు?

ఇది ఇవాళే తేల్చేసుకోవాలి, ఇంక వాయిదాలు కుదరవు. ట్రయాలజీలో మొదటి భాగం రచయితది, ఒప్పుకుంటాం. రెండోది కూడా పోనీలే పాపం అని వదిలేస్తాం. కానీ మూడో భాగం మాత్రం పాఠకులది, ఇందులో రెండో మాట లేదు. ఎందుకంటే రెండో భాగం చివర్లో హీరోయిన్‌ని సగం కూలిన మెట్రో సొరంగంలో, ఒక చేతిలో విరిగిన కత్తితో, ఇంకో చేతిలో ఇన్నాళ్ళూ నమ్మినవాడే ద్రోహి అని చెప్పే ఉత్తరంతో నిలబెట్టేసి రచయిత హాయిగా వెళ్ళిపోయారు. తర్వాత రెండేళ్ళో మూడేళ్ళో ఆ పిల్లని చూసుకున్నది ఎవరండీ? మనమే కదా. ఆఫీసు మీటింగుల్లో తలూపుతూ, రాత్రిళ్ళు నిద్ర మానుకుని, ఆ ఉత్తరం ఫోర్జరీ అని, ద్రోహి అసలు ద్రోహే కాదని, నగరం కింద నిద్రపోతున్న పాత దేవత హీరోయిన్ వాళ్ళ అమ్మేనని సాక్ష్యాలతో సహా నిరూపించాం. మొదటి భాగంలో ఒకచోట అమ్మ కళ్ళు బూడిద రంగు అని ఒక్క ముక్క ఉంటుంది, ఆ ఒక్క ముక్క మీద మనవాళ్ళు రాసిన విశ్లేషణలు కలిపి అచ్చేస్తే నవల కంటే లావుగా వస్తాయి. ఇంత చాకిరీ అయ్యాక రచయిత తాపీగా వచ్చి, తన సొంత మూడో భాగం ఒకటి తెచ్చి చేతిలో పెడితే ఒళ్ళు మండదా?

పైగా అందులో అమ్మ కళ్ళు ఊరికే బూడిద రంగు, అంతే. జన్యువులట.

ఏ ట్రయాలజీ అని మాత్రం అడక్కండి. అర్బన్ ఫాంటసీలో, అంటే మన కాలపు నగరంలో మాయలూ దెయ్యాలూ తిరిగే కథల్లో, ఏ సిరీస్ అయినా తీసుకోండి, ముగింపు మీద వచ్చిన రివ్యూల్లో పేర్లు మార్చి ఇంకో సిరీస్ కింద అతికిస్తే ఎవరూ పట్టుకోలేరు, కొందరు ఆ పని చేస్తున్నారని నా అనుమానం కూడా.

ముందు ప్రేమ సంగతి. ఈ జానర్‌లో హీరోయిన్‌కి ఒక పక్క వ్యాంపైర్ ఉంటాడు, మూడొందల ఏళ్ళ వయసు, అయినా మనసులో మాట చెప్పడం ఇంకా రాదు. ఇంకో పక్క వేర్‌వుల్ఫ్, అంటే తోడేలుగా మారే మనిషి, వీడికి మనసులో మాట తప్ప ఇంకేం రాదు. వ్యాంపైర్‌ని ఎంచుకుంటే వేర్‌వుల్ఫ్ వర్గం వాళ్ళు పాత భాగాలకి ఇచ్చిన స్టార్లు కూడా వెనక్కి తీసేసుకుంటారు, ఇటు ఎంచుకుంటే అటువాళ్ళు అదే పని. ఇక ఇద్దర్నీ కాదని తన ఫ్లాట్ అద్దె తనే కట్టుకుంటూ బతుకుతానంటే, అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు బ్లాక్ చేసుకున్న రెండు వర్గాలూ ఒక్కటైపోయి రచయిత మీదకి వెళ్తాయి. సాహిత్యం మనుషుల్ని కలుపుతుంది అని పెద్దలు అంటే ఏమో అనుకున్నాం.

చావుల విషయంలో కూడా మన డిమాండ్ చాలా సింపుల్. ఎవరూ చావకపోతే స్టేక్స్ లేవు, పోయేదేం లేదు, కథ కోసం ఎవరికీ ఏమీ కాకుండా అందరికీ ప్లాట్ ఆర్మర్ అనే కవచం తొడిగారు. ఎవరైనా చస్తే అది షాక్ కోసం చేసిన చీప్ ట్రిక్. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే రివ్యూలో, పక్క పక్క పేరాల్లో చూశాను, రాసిన మనిషికి ఏ ఇబ్బందీ ఉన్నట్టు అనిపించలేదు. అసలు మనం కోరేది ఏంటంటే ఒక ముఖ్యమైన పాత్ర చావాలి, గుండె పగలాలి, కానీ అది మనకి నచ్చిన పాత్ర అయ్యుండకూడదు, ఆ మాట్లాడే కాకి జోలికి మాత్రం అస్సలు పోకూడదు. అంతే కదా, ఇది కూడా చేతకాకపోతే రాయడం ఎందుకు.

ఇప్పుడు అసలైన నేరానికి వద్దాం, వాస్తవికత. అర్బన్ ఫాంటసీ అంటేనే ఇది, రాజ్యాలూ కోటలూ అడవులూ కాకుండా మన కాలపు నగరం, అందులో ట్రాఫిక్, కరెంటు బిల్లు, వాటి వెనక మామూలు జనానికి కనపడని ఇంకో లోకం. 1980ల్లో ఈ రకం కథలకి ఊపొచ్చినప్పట్నుంచీ మ్యాజిక్ ఎంత ముఖ్యమో బస్ రూట్ అంత ముఖ్యం. మరి మూడో భాగం క్లైమాక్స్‌లో నది మీద వంతెన లేచి డ్రాగన్‌గా మారుతుంది, మనకి ఓకే. చచ్చిపోయిన మేయర్లందరూ సమాధుల్లోంచి లేచి ఓటేస్తారు, మరీ ఓకే. కానీ సాయంత్రం ఆరింటికి హీరోయిన్ నగరం ఈ చివర్నుంచి ఆ చివరికి పది నిమిషాల్లో కారులో చేరిపోతుంది, ఇక్కడ పుస్తకం గోడకేసి కొట్టామన్నమాట. ఆ నగరంలోనే ఉండే పాఠకుడొకాయన మ్యాప్ పెట్టి మరీ చూపించాడు, హీరోయిన్ ఎడమవైపు తిరిగిన ఆ వీధి వన్‌వే. ఆయనకి వచ్చిన లైకులు క్లైమాక్స్‌ని మెచ్చుకున్న వాళ్ళందరికీ కలిపి రాలేదు. ఇంకొకావిడ బాధ ఇంకా లోతైంది, మూడు భాగాల్లోనూ హీరోయిన్ ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తుంది, ఇన్ని సెలవలు ఎవరిస్తున్నారు అని. నిజమే, దెయ్యాలని నమ్మొచ్చు గానీ ఆ మేనేజర్‌ని ఎలా నమ్ముతాం?

తర్వాత ఆ దాపరికం గొడవ. ఊరి నడిబొడ్డున ఇంత యుద్ధం జరిగాక మామూలు జనానికి తెలియకుండా ఎలా ఉంటుంది, అందరూ గ్యాస్ లీక్ అనుకున్నారట, పాఠకుల్ని పిచ్చోళ్ళని చేస్తున్నారా అని ఒక రివ్యూ. ఆ కిందదే, రహస్యం బయటపెట్టేసి సిరీస్ అందమే పాడుచేశారు, ఇక ఇది అర్బన్ ఫాంటసీ ఎలా అవుతుంది అని. ఇవి రెండు వేర్వేరు పుస్తకాల గురించి అనుకుంటారేమో, ఒకటే పుస్తకం. ఒకరు చివరి అధ్యాయం దగ్గర ఆపేశారు, ఇంకొకరు ఎపిలోగ్ కూడా చదివారు.

స్టార్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పుస్తకాలకి పాఠకులు రేటింగులిచ్చే గుడ్‌రీడ్స్ సైట్‌లో సగం స్టార్ ఇవ్వనివ్వట్లేదని పాఠకులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు, అలాంటిదే ఇంకో సైట్ స్టోరీగ్రాఫ్ వాళ్ళు ఏకంగా పావు స్టార్ కూడా పెట్టి పుణ్యం కట్టుకున్నారు. దాంతో ఇప్పుడు 2.75 అని తూకం వేసి ఇవ్వొచ్చు. మూడేళ్ళు రాసిన పుస్తకానికి ఆ పావు ఎక్కడ తగ్గిందో రచయిత రాత్రంతా కూర్చుని ఆలోచించుకోవాలి, అదీ న్యాయం.

అసలు చదివాకే రేటింగ్ ఇవ్వాలనే పాత చాదస్తం ఎప్పుడో పోయింది. గుడ్‌రీడ్స్‌లో పుస్తకం రాకముందే స్టార్లు పడుతుంటాయి. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ తన కొత్త నవలని ప్రకటించారు, రావాల్సింది 2024 ఫిబ్రవరిలో, కథ సైబీరియాలో జరుగుతుంది. యుక్రెయిన్ యుద్ధం నడుస్తున్న సమయంలో రష్యా కథేంటని అభ్యంతరాలు వచ్చాయి, ఒక్కో స్టార్ రేటింగులు వందల్లో పడ్డాయి, ఆవిడ ప్రచురణే ఆపేసుకున్నారు. ఆ యుక్రెయిన్ వాళ్ళ బాధ నిజమైంది, దాని మీద జోకులొద్దు. నేను చూసేది పద్ధతి వరకే. పుస్తకం లేకపోయినా రివ్యూ బతకగలదని రుజువైపోయింది. మన జానర్‌లోకి ఇది పూర్తిగా వచ్చేస్తే రచయితలకి ఎంత శ్రమ తప్పుతుంది చెప్పండి, కవర్ మీద తోలు జాకెట్ వేసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ అమ్మాయి బొమ్మ వదిలితే చాలు, మిగతాది మనం చూసుకుంటాం.

పాఠకులు మరీ అతి చేస్తున్నారు అనేవాళ్ళకి చరిత్ర తెలీదు. 1893 డిసెంబర్‌లో కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేసి, హమ్మయ్య ఇక చారిత్రక నవలలు రాసుకుందాం అనుకున్నాడు. జనం ఊరుకున్నారా? 1901లో పాత కేసు అని చెప్పి ఒక నవల మొదలుపెట్టాడు, 1903కి వచ్చేసరికి హోమ్స్ అసలు చావనే లేదని ఒప్పుకోవాల్సొచ్చింది. సొంత పాత్రని చంపే హక్కు కూడా రచయితకి లేదని అప్పుడే తీర్పు వచ్చేసింది, అమలే సరిగ్గా జరగట్లేదు. ఇక అందరూ ట్రయాలజీ అని పిలిచే ఆ ఉంగరం కథని, అదే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ని, టోల్కీన్ ఒకే పుస్తకంగా రాసుకున్నాడు, యుద్ధం తర్వాత కాగితం ఖరీదు చూసి పబ్లిషర్ 1954, 1955ల్లో మూడు ముక్కలుగా తెచ్చాడు. మూడో ముక్కకి పెట్టిన పేరులోనే రాజు తిరిగొస్తాడని తెలిసిపోతోందని టోల్కీన్ వేరే పేరు అడిగాడు, పబ్లిషర్ వినలేదు. అంటే మూడో భాగానికి స్పాయిలర్ గొడవ తెచ్చిన తొలితరం మనిషి సాక్షాత్తూ రచయితే. ఆయన్ని కూడా మన సంఘంలో చేర్చుకోవచ్చు.

ఇంత దూరం ఎందుకు, మన మహాభారతం చూడండి. నన్నయ అరణ్యపర్వంలో ఆగిపోయారు, తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా లాగేశారు, మధ్యలో మిగిలిన ముక్కని ఎర్రన వచ్చి పూర్తిచేశారు, అదీ తన పేరు కోసం కాకుండా నన్నయగారే రాసినట్టు రాజరాజనరేంద్రుడి పేరు మీద. పదకొండో శతాబ్దంలో మొదలైంది పధ్నాలుగులో తేలింది, మనం మూడేళ్ళకే పిటిషన్లు పెడుతున్నాం. ముగింపు ఇప్పుడు వచ్చుంటే మాత్రం మామూలుగా ఉండేది కాదు. యుద్ధం అయిపోయాక ఇంకా ఇన్ని పర్వాలా, పేసింగ్ ఘోరం. సింహాసనం ఎక్కినవాళ్ళు సంతోషంగా లేరు, ఇంత చదివించింది ఇందుకా. చివరికి ధర్మరాజు స్వర్గానికి వెళ్తే ఎదురుగా దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉంటాడు, విలన్‌కి స్వర్గమేంటి, ఒక్క స్టార్. కుక్కకి ఏమీ కాలేదు కాబట్టి ఇంకో స్టార్.

ఇదంతా ఇలా ఉండగా మొన్న రచయిత ప్రీక్వెల్ ట్రయాలజీ ప్రకటించారు, ఆ బూడిద కళ్ళ అమ్మ యవ్వనంలో కథట. ఇక ఈ రచయిత ముఖం చూడను అని ఒట్లు పెట్టుకున్నవాళ్ళందరూ ప్రీ ఆర్డర్ చేసేశారు, చదవడానికి కాదు, ఎక్కడ ఎంత చెడగొట్టారో లెక్క రాయడానికి. బాధ్యత అంటే అలా ఉండాలి.

కానీ నన్ను కలవరపెడుతున్న విషయం ఇంకోటుంది. ఆ వేల రివ్యూల మధ్యలో ఒకటి కనపడింది, అయిదు స్టార్లు. మూడు భాగాలూ వరసగా చదివాను, ముగింపు నచ్చింది, థ్యాంక్స్ అని ఉంది, ఇంకేం లేదు. ఏ పాత్ర మీదా కోపం లేదు, సొంత థియరీ లేదు, వన్‌వే సంగతి కూడా ఎత్తలేదు. సహజంగానే కింద గొడవైంది, అసలు చదివావా అని ఒకరు, రచయితకి మీరేమవుతారు అని ఇంకొకరు. ఇప్పటిదాకా జవాబు లేదు. ప్రొఫైల్ తెరిచి చూస్తే ఆ మనిషి అప్పుడే ఇంకో పుస్తకం మొదలుపెట్టేసి ఉన్నారు, కాబట్టి డబ్బులు తీసుకునే రాసి ఉంటారని అందరం కలిసి నిర్ణయించాం.