స్మోకీ మౌంటెన్స్‌కి ఆర్వీలో వెళ్లేవాళ్లు ఇవీ చూసుకోండి

అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి ఆర్వీలో (లోపలే వంటకీ, పడకకీ చోటుండే బండిలో) వెళ్లడం గురించి మీరు రాసిన వ్యాసం బాగుంది గానీ, కరెంటు సంగతి ఒక్క ముక్కా రాయలేదేంటండీ? పార్కు లోపలి కేడ్స్ కోవ్, ఎల్క్‌మాంట్ క్యాంపుల్లో బండికి తగిలించుకోడానికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు. తెలీక మేం రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి మోసుకెళ్లాం. బండిలో ఉన్న గ్యాసు పొయ్యి మీదే రెండు రోజులూ అన్నం, పప్పుచారు. నీళ్ల ట్యాంకు నింపుకునే బయల్దేరండి.

గాట్లిన్‌బర్గ్ ఊరి పక్కనున్న రోరింగ్ ఫోర్క్ రోడ్డులోకి ఆర్వీల్ని రానివ్వరు. 5,046 అడుగుల ఎత్తున్న న్యూఫౌండ్ గ్యాప్ కనుమ నుంచి దిగేటప్పుడు లో గేర్‌లో దిగాలి. మా ఆయన బ్రేకు మీదే కాలేసి దిగారు, కిందికొచ్చేసరికి కమురు వాసన! గంటసేపు బండి పక్కకి ఆపి కూర్చున్నాం, మాటల్లేవు.

అన్నట్టు, ఆవకాయ సీసా రాత్రిపూట బయట బల్ల మీద వదిలేయకండి. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి.