పదకొండో ఎక్కం

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మా కాలనీ సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం ఉందనగా, ఏడాది జమాఖర్చులన్నీ కడుపులో పెట్టుకున్న మా ఇంటి కంప్యూటర్ పొద్దున పది గంటలకే మొరాయించింది. వారం రోజులుగా అది తేదీని 2018 జనవరి 1గా చూపిస్తూ, ఎఫ్1 మీట నొక్కితే తప్ప ముందుకు కదలనని సతాయిస్తూనే ఉంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిందని దుకాణపు కుర్రవాడు ఫోన్‌లోనే తేల్చేశాడు. క్లాక్ టవర్ సెంటర్‌కు వెళ్లి సీఆర్2032 బ్యాటరీ తెచ్చాను. ఆ అంకెల్లో 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అనే అర్థం ఇమిడి ఉంటుందని తెలిసి దారి పొడుగునా మురిసిపోయాను కూడా. డబ్బా విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి, స్విచ్చి వేశాను.

మా నల్లగొండ పాత పేరు నీలగిరి అంటారు. ఆ పేరును సార్థకం చేయడానికన్నట్టు తెరంతా నీలం పరుచుకుంది. దాని మధ్యన, 48 అంకెల రికవరీ కీ ఇస్తే గానీ లోపలికి రానివ్వనని ఒక నోటీసు ఉంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా లింగం మీది నీడ కదలదు కదా, నేను ఎన్నిసార్లు ఆపి వేసినా ఆ నీలం కూడా అలాగే కదలలేదు.

కుర్రవాడికి మళ్లీ ఫోన్ చేశాను. "ఫార్మాట్ కొట్టాలె సార్, వేరే తొవ్వ లేదు" అన్నాడు, అంటే లోపలున్నదంతా తుడిచేయాలన్నమాట. ఎలుక మీది కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. బ్యాటరీ తీస్తే కంప్యూటర్‌ను నిద్రలేపే బయోస్ అమరికలు మొదటికి వస్తాయి, తన చుట్టూ ఏదో మారిందని తాళాలకు కాపలా కాసే టీపీఎం అనే చిప్పు అనుమానపడుతుంది, అప్పుడు విండోస్‌లోని బిట్‌లాకర్ డిస్కుకు వేసిన తాళాన్ని తీయడానికి అది ఒప్పుకోదు. ఈ సంగతి ముందే చెప్పవచ్చు కదా బాబూ అంటే, "మీరు అడగలే కద సార్" అన్నాడు. తెలియని సంగతిని ఎలా అడగాలో నేర్పే పాఠం ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో నేను చెప్పిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఈ కంప్యూటర్‌ను రెండేళ్ల కింద తన మైక్రోసాఫ్ట్ ఖాతాతోనే అమర్చిపెట్టిన మా అక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ రికవరీ కీ అనే తాళంచెవి ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుందని వాడే చెప్పి, "మామా, తెర మీద కీ ఐడీ అని ఉంటది, మొదటి ఎనిమిది అక్షరాలు సదువు" అన్నాడు. అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఆ తోరణం మీద నాకు గౌరవం కలగలేదు. "గవన్నీ తర్వాత సూస్తంగని, ముందుగాల నంబరు చెప్పురా" అని గద్దించాను. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను అప్పుడే మరిచిపోయాను.

వాట్సాప్ ఉన్న ఫోన్ మా ఆవిడతో పాటు మిర్యాలగూడలో పెండ్లికి వెళ్లింది. నా దగ్గర ఉన్నది మీటల ఫోన్. దాని సందేశాల పెట్టె అప్పులిస్తామనే వారి ప్రేమలేఖలతో నిండిపోయి ఉన్నందున, వాడు పంపిన ఎస్సెమ్మెస్ లోపలికి రాలేదు. ఇక నోటితో చెప్పించుకోవడమే మిగిలింది. పక్క ప్లాటులో ఆ రోజే బోరు బండి దిగింది. మా నల్లరాతిలో అది ఆరు వందల అడుగుల లోతుకు పోయే ఉత్సాహంతో ఉండగా, మేనల్లుడు "డబల్ త్రీ టూ" అంటే మూడు మూడ్లు రెండా, రెండు మూడ్లు ఒక రెండా అని నేను అరిచి అడగడం, వాడు విసుగొచ్చి తెలుగులోకి దిగి "ఏడు మామా, ఏడు" అనడం, నేను ఏడవడానికి సిద్ధంగానే ఉండడం, ఇవన్నీ ఇరవై నిమిషాలు సాగాయి. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులను పాత పరీక్ష పేపరు వెనుక రాసుకుని, ఒక్కొక్కటిగా కొట్టాను. తప్పన్నది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పన్నది. మేనల్లుడు అప్పటికే మీటింగులోకి వెళ్లిపోయాడు.

కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన హెల్ప్‌లైన్‌కు ఫోన్ కలిపితే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనదని ఒక కంఠం చెప్పి సన్నాయి వాయించడం మొదలుపెట్టింది. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి, చేతిలో పెన్సిల్‌తో కూర్చున్నాను. లెక్కల మాస్టారు పెన్సిల్‌తో ఊరికే కూర్చోవడం లోకంలో జరగని పని. రోడ్డు మీద పోయే బండి నంబరును 9తోనో 11తోనో భాగించకుండా వదలని రోగం నాది. టీఎస్ 05 పోయి టీజీ 05 వచ్చిన రోజు ఊరంతా మారిన అక్షరం గురించి మాట్లాడుకుంటే, నేను మాత్రం అంకెలు మారలేదని ఊపిరి పీల్చుకున్నాను. అలవాటు కొద్దీ మొదటి గుంపును చూశాను: 305217. మేనల్లుడి తాళంచెవిని ఊరందరికీ పంచడం బాగుండదు కనుక అంకెలు మార్చి రాస్తున్నాను, సూత్రం మాత్రం మారదు. బేసి స్థానాల్లోని 3, 5, 1 కలిపితే 9. సరి స్థానాల్లోని 0, 2, 7 కలిపినా 9. భేదం సున్న. ఈ భేదం సున్న గానీ పదకొండు గుణిజం గానీ అయితే చాలు. కనుక ఈ సంఖ్య 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది.

రెండో గుంపూ భాగింపబడింది. మూడోదీ అంతే. నాలుగోది కూడా అయ్యేసరికి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఎనిమిదింటిలో ఏడు గుంపులు పదకొండో ఎక్కం అప్పజెప్పాయి. చూడకుండా తీసుకున్న ఏడు సంఖ్యలూ ఇలా కుదిరే అవకాశం 1,94,87,171లో ఒకటి. పదకొండును ఏడుసార్లు గుణించి చూసుకున్నాను, సన్నాయి ఇంకా సాగుతూనే ఉంది కనుక సమయానికేమీ కొదువ లేదు. ఎవరో పెద్దమనిషి, మనుషులు అంకెలు తప్పు కొడతారని తెలిసి, ప్రతి గుంపులోనూ ఈ పరీక్షను దాచిపెట్టాడన్నమాట. పదహారు బిట్ల సంఖ్యను, అంటే 65,536 కన్నా చిన్నదాన్ని, 11తో గుణించి ఆరంకెల గుంపుగా చేస్తారనీ, అందుకే ఏ గుంపూ 720896 దాకా చేరదనీ మేనల్లుడు తరువాత చెప్పాడు గానీ, అప్పటికి నా ఆనందం వాడి వివరణ కోసం ఆగే దశలో లేదు.

ఎదురు తిరిగింది ఆరో గుంపు ఒక్కటే: 411593. బేసి మొత్తం 14, సరి మొత్తం 9, భేదం 5. పదకొండుకు ఆరు తక్కువ. బేసి స్థానంలో ఒక ఒకటి ఏడైతే సరిగ్గా ఆరు పెరుగుతుంది. కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. మూడో స్థానంలో ఉన్నది ఒకటి కాదు, ఏడు. నా ఏడే. ఏడును ఒకటిలా రాసినందుకు ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు అర మార్కు కోశానో, వాళ్లలో ఎవరైనా ఈ కాగితం చూస్తే నా పరిస్థితి ఏమిటో ఆలోచించకుండా దానికి ఒక అడ్డగీత గీసి, 417593 అని దిద్దాను.

సరిగ్గా అప్పుడే సన్నాయి ఆగి, హెల్ప్‌లైన్ అమ్మాయి పలికింది. ఈ పదకొండు రహస్యాన్ని ఎవరితోనైనా పంచుకోకపోతే గుండె ఆగేలా ఉంది కనుక, బేసి స్థానాల దగ్గర మొదలుపెట్టి మొత్తం వివరించాను. ఆమె ఓపికగా విని, "సార్, కంప్యూటర్ ఆన్ చేశారా?" అని అడిగింది. చేశానన్నాను. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అన్నది. ఖాతా ఎవరి పేరున ఉందో వారే ఫోన్ చేయాలని చెప్పి, నా ఓపికకు ధన్యవాదాలు తెలిపి పెట్టేసింది. ఆ ఓపిక అరగంట కిందటే అయిపోయిందని చెప్పే వ్యవధి కూడా ఇవ్వలేదు.

దిద్దిన అంకెలను శాస్త్రబద్ధమైన విశ్వాసంతో కొట్టాను. తప్పన్నది. ఎనిమిది గుంపులూ 11తో భాగింపబడుతుండగా తప్పనడానికి దీనికి నోరెలా వచ్చిందని తెరతో కాసేపు వాదించాను. నాలుగున్నరకు మేనల్లుడు మీటింగు నుంచి బయటపడ్డాడు. "తాళంచెవి వంద శాతం సరైందిరా, నేను రుజువు చేస్త" అన్నాను. వాడు అటు కాసేపు మౌనంగా ఉండి, "సరైందే మామా. గది నా ల్యాప్‌టాప్‌ది" అన్నాడు. ఖాతాలో రెండు తాళంచెవులు ఉన్నాయట. ఏది ఎవరిదో చెప్పేదే ఆ కీ ఐడీ అట. "గందుకే గద మామా నేను పొద్దుగాల అడిగింది" అని కూడా అన్నాడు. ప్రశ్న పూర్తిగా చదివాకే జవాబు మొదలుపెట్టండని ముప్పై నాలుగేళ్లు గొంతు చించుకున్నవాడిని, ఆ మాటకు ఏమని బదులు చెప్పను?

రెండో తాళంచెవిని గుంపు గుంపుకూ భాగహారం చేసుకుంటూ రాసుకున్నాను. నీలం పోయింది, జమాఖర్చులు కనిపించాయి, ఆరింటికి ఐదు నిమిషాల ముందు అచ్చు కాగితాలు చేతికి వచ్చాయి. చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. మళ్లీ ఆ హెల్ప్‌లైనే, ఈసారి రికార్డు చేసిన కంఠం. తమ సేవకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమని కోరింది. మార్కులు వేయడం నా వృత్తి, అందులోనూ ఇది న్యాయంగా దక్కిన అవకాశం. సున్న నొక్కాను.

"మీరు నొక్కిన అంకె చెల్లదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అన్నది.